పంచిన గింజే మిగిలింది

ఫజ్ర్ నమాజు ముగించుకొని హైదరాబాదు నుండి బయలుదేరాము. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట దాటి, బీచుపల్లి వద్ద కృష్ణానది వంతెన మీదుగా సాగి, అలంపురం చౌరస్తా చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. అక్కడికి కొద్ది దూరంలోనే తుంగభద్ర. ఇవతలి ఒడ్డు తెలంగాణ, అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్. వంతెన దిగితే కర్నూలు. నవంబరు మొదటి వారం కావడంతో నది బండల నడుమ పాయలుగా చీలి, చప్పుడు లేకుండా పారుతోంది. "ఊరిని ముంచింది ఈ నదేనా?" అని మా అమ్మాయి కిటికీలోంచి తొంగిచూసి అడిగింది. అవునన్నాము. ఆమెకు నమ్మకం కుదిరినట్లు లేదు.

మేము కర్నూలు వెళ్ళింది కోటలు, బురుజులు చూడడానికి కాదు. ఒక పూల గింజ కోసం.

మా ఇంటి మేడమీద పాతిక కుండీలు ఉన్నాయి. వాటిలో మా అమ్మ ఏటా వానాకాలంలో ఒక రకం కాశీతుమ్మను పెంచేది. మన ఇళ్ళలో దానిని గుల్‌మెహందీ అంటాము. తెల్లని రుమాలు మీద గోరింటాకు చిందినట్లు, తెల్ల రేకుల మీద ఎర్రని చుక్కలు ఉండేవి. అమ్మ అల్లాహ్ సన్నిధికి చేరిన తరువాత రెండేళ్ళు మేము ఆ కుండీల వంక చూడనే లేదు. ఆ తరువాత ఒక వానాకాలం అమ్మ దాచిన డబ్బా తీసి గింజలు చల్లితే ఒక్కటీ మొలవలేదు. బజారులో కొన్న పొట్లాలలో ఎరుపు, గులాబి, ఊదా రంగులు వచ్చాయి గానీ, ఆ చుక్కల పువ్వు రాలేదు. కర్నూలులో ఉన్న మా ఖాలాకు ఫోనులో సంగతి చెప్పుకున్నాము. "ఆ పువ్వు నా దగ్గర ఉంది. పోస్టులో మాత్రం పంపను. గింజలు కోసే సమయానికి మీరే వచ్చి తీసుకుపోండి" అన్నారు ఆమె.

నాపరాళ్ళ ముంగిలి

కర్నూలుకు కొత్తగా వచ్చినవారి కంటికి మొదట ఆనేది కొండారెడ్డి బురుజు. 1953 నుండి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా వెలిగిన పట్టణమిది. హంద్రీ నది ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి ఉంది. జనం గోల్ గుమ్మజ్ అని పిలుస్తారు. హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసేది ఈ ఊళ్ళోనే. రెండు నదుల ఒడిలో కూర్చున్న ఊరు కర్నూలు. ఆ ఒడిలో చల్లదనమూ ఉంది, ప్రమాదమూ ఉంది.

ఖాలా ఇల్లు పాతబస్తీలో, ఆటో కష్టం మీద పట్టే సందులో ఉంది. తలుపు తోసుకొని లోపలికి అడుగుపెడితే బేతంచెర్ల నాపరాళ్ళు పరచిన ముంగిలి. గోడవెంబడి మాత్రం రాళ్ళు పరచకుండా మూరెడు వెడల్పున మట్టి వదిలారు. ఖాలా తోట అంతా ఆ మూరెడు మట్టే. ఒక మూల శంఖుపుష్పం తీగ పందిరికి పాకింది. తలుపు పక్కన బంతి విరగబూసింది. వంటగది గోడకు ఆనుకొని సబ్జా మొక్కలు. పెరటి వైపు, అన్నింటికీ దూరంగా, మేము వెదకి వచ్చిన కాశీతుమ్మ. పువ్వులు దాదాపు అయిపోయాయి. కింది ఆకులు పండి రాలుతున్నాయి. కొమ్మల సందుల్లో నూగు పట్టిన చిన్న కాయలు వేలాడుతున్నాయి.

"దీన్ని వేరుగా ఎందుకు పెట్టారు?" అని అడిగాము.

"తేనెటీగకు మన లెక్కలు తెలియవు కదా, బేటా. ఎర్ర కాశీతుమ్మ పక్కనే ఉంటే ఆ పుప్పొడి ఈ పువ్వు మీద వాలుతుంది. మరుసటి ఏడు చుక్కలు పోయి ఏదో ఒక రంగు మిగులుతుంది" అన్నారు ఖాలా. చుక్కలు లేని మొక్క ఏదైనా కనబడితే మొదటి పువ్వుకే పీకివేస్తారట. అన్నింటిలో బలంగా ఎదిగిన మూడు నాలుగు మొక్కలకు ఎర్ర దారం కట్టి ఉంది. వాటి పువ్వులను ఎవరూ తెంపకూడదు. అవి గింజల కోసం వదిలిన మొక్కలు. ఆకులకు బూడిద తెగులు సోకిన మొక్క ఎంత అందంగా పూసినా దానికి దారం కట్టరు.

గింజ పట్టుకునే విద్య

మధ్యాహ్న భోజనం తరువాత ఖాలా మా అమ్మాయిని చెంత కూర్చోబెట్టుకున్నారు. పండిన కాశీతుమ్మ కాయను వేలితో తాకమన్నారు. తాకీ తాకగానే అది టప్పున పగిలి, తొక్కలు చుట్టుకుపోయి, గింజలు ముంగిలంతా చిమ్మాయి. పిల్ల ఉలిక్కిపడి, ఆపైన పకపకా నవ్వింది. "తల్లి చెట్టు తన పిల్లలను దూరంగా పంపే తీరు అది. మనం పట్టుకోవాలంటే ముందే చేయి అడ్డం పెట్టాలి" అన్నారు ఖాలా. ఆకుపచ్చని కాయ పసుపు ఛాయకు తిరిగి, కాస్త ఉబ్బి కనబడినప్పుడు దాన్ని గుప్పిట మూసి కోయాలి. ఆ గుప్పిటలోనే పగలాలి. లేదా పలుచని గుడ్డ సంచిని ముందుగానే కొమ్మకు కట్టి ఉంచాలి.

ఒక్కొక్క పువ్వుది ఒక్కొక్క పద్ధతి. బంతిపువ్వు చెట్టు మీదనే పూర్తిగా ఎండాలి. ఆ తరువాత తొడిమ పట్టుకొని లాగితే సూదుల వంటి నల్లని గింజలు కట్టగా ఊడి వస్తాయి. శంఖుపుష్పం కాయ గోధుమరంగుకు తిరిగి గలగలమన్నప్పుడు కోయాలి. దాని గింజ పెంకు గట్టిది కనుక నాటడానికి ముందు ఒక రాత్రి నానబెట్టాలి. సబ్జా కంకులు ఎండినప్పుడు కోసి, అరచేతుల మధ్య నలిపి, చాటలో చెరగాలి. దానికి నీళ్ళు మాత్రం తగలనివ్వరాదు. రంజాన్‌లో షర్బత్‌లో వేసే గింజ అదే కదా. తడి తగిలిందంటే జిగురుగా ఉబ్బిపోతుంది.

దుకాణంలో కొన్న సంకర బంతి గింజలతో మాకు ఎదురైన అనుభవాన్ని ఖాలాకు వివరించాము. మొదటి ఏడు పిడికిలంత పువ్వులు పూశాయి. వాటి గింజలే దాచి మరుసటి ఏడు వేస్తే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, కొన్ని ఒంటి రేకలవి. మా చేతిలోనే దోషం ఉందనుకున్నాము. చేతి దోషం కాదు, గింజ స్వభావమది. రెండు వేరు రకాలను కలిపి పుట్టించిన సంకర మొక్క సంతానం తల్లి పోలికతో రాదు. పొట్లం మీద సంకరమని రాసి ఉంటే దాని పువ్వులు చూసి ఆనందించవచ్చు, గింజ దాచుకొని ఆశపడరాదు. తరతరాలుగా ఇళ్ళలో చేతులు మారుతూ వచ్చిన నాటు పువ్వులే గింజ దాచడానికి తగినవి. గులాబి, మల్లె, మందారాల సంగతి వేరు. వాటిని ఇళ్ళలో కొమ్మ నాటి, అంటు కట్టి పెంచుతారు.

కోసిన గింజను ఎండలో మాడ్చకుండా నీడలో, గాలి తగిలే చోట, కాగితం మీద వారం రోజులు ఆరబెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే లోపలి తేమకే బూజు పడుతుంది. కాగితం పొట్లం కట్టి, పొట్లాలను గాజు సీసాలో పెట్టి, అడుగున వేయించి చల్లార్చిన గుప్పెడు బియ్యం వేస్తారు ఖాలా. ఆ బియ్యం తేమను పీల్చుకుంటుంది. ఇది అవ్వల అనుభవం మాత్రమే కాదు. గింజలోని తేమ ఒక్క శాతం తగ్గితే నిల్వ ఉండే కాలం సుమారు రెట్టింపు అవుతుందని విత్తన శాస్త్రం కూడా చెబుతున్నది. మా అమ్మ డబ్బా వంటగదిలో, పొయ్యి పైనున్న అరలో ఉండేది. ఆవిరి, వేడి రెండూ తగిలే చోటు. ఆ గింజలు ఎందుకు మొలవలేదో అప్పుడు మాకు అర్థమైంది.

పొట్లం మీద పువ్వు పేరు, రంగు, కోసిన నెల, ఎవరి ఇంటి నుండి వచ్చిందో ఆ ఇంటి పేరు రాయడం ఖాలా నియమం. చంద్రకాంత పొట్లం మీద మాత్రం ఎర్ర సిరాతో అడ్డగీత ఉంది. ఆ గింజ అచ్చం మిరియం గింజలా ఉంటుంది, అది విషం. పసిపిల్లలున్న ఇంట దాన్ని వంటగది దరిదాపుల్లో ఉంచరాదు.

అక్టోబరు నీళ్ళు

అస్ర్ అజాన్ వినబడింది. మేము నమాజు చేసి వచ్చేసరికి గోడవారన అంతవరకు ముడుచుకొని ఉన్న చంద్రకాంత పువ్వులు ఒక్కొక్కటిగా విచ్చుకుంటున్నాయి. ఎరుపు, పసుపు, ఒకే పువ్వులో రెండు రంగుల చారలు. మన పెద్దలు గుల్‌-ఎ-అబ్బాస్ అనే పువ్వు ఇదే. "వీటిని నేను నాటలేదు. నీళ్ళు తీసిన తరువాత వాటంతట అవే లేచాయి" అన్నారు ఖాలా. అప్పుడు ఆ నీళ్ళ సంగతి ఎత్తారు.

2009లో రంజాన్ పండుగ వెళ్ళి పట్టుమని పన్నెండు రోజులు కాలేదు. అక్టోబరు మొదటి రోజుల్లో కుండపోత వానలకు తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగాయి. కింద శ్రీశైలం జలాశయం నిండి నీరు వెనక్కి తన్నింది. పాతబస్తీ సందుల్లోకి నీరు చొరబడి, చూస్తుండగానే నడుము దాకా, ఆపైన తలుపుల పైకమ్మీ దాకా చేరింది. ఖాలా కుటుంబం ఎదురింటి మేడమీదికి చేరుకుంది. ఎవరి మేడ ఎవరిదని ఆనాడు ఎవరూ అడగలేదు. హిందువులు, ముస్లిములు ఒకే పరదా కింద రెండు రాత్రులు గడిపారు. ఉన్న కాసిన్ని అటుకులు పిల్లలకు పెట్టారు.

నీరు తీసిన తరువాత ఇంటికి వస్తే మోకాలి లోతు బురద. బియ్యం, బట్టలు, కాగితాలు, కుట్టుమిషను అన్నీ పోయాయి. బురద ఎత్తిపోస్తుండగా మూడో రోజున గింజల డబ్బా దొరికింది. పాత బిస్కెట్ల డబ్బా అది. ఖాలా మూత తీశారు. లోపల గింజలు నాని, మొలకెత్తి, వెలుగు లేక తెల్లగా సాగి, ఒకదానికొకటి చుట్టుకొని కుళ్ళిపోయి ఉన్నాయి. "ఇల్లు పోయినందుకు ఏడవలేదు గానీ, ఆ డబ్బా చూసి ఏడ్చాను" అన్నారు ఆమె. ముంగిట్లోని మొక్కలు అప్పటికే బురద కింద ఉన్నాయి. సరిగ్గా కాయలు పండే నెల అది.

చంద్రకాంతకు భూమిలో దుంప ఉంటుంది. అందుకే అది తిరిగి లేచింది. మిగతా వాటిని ఖాలా పోయినట్లే లెక్కగట్టారు.

మరుసటి జూన్‌లో నంద్యాల నుండి ఒక టీచరమ్మ వచ్చారు. వరదకు చాలా ముందు ఆమె ఇదే సందులో అద్దెకు ఉండేవారు. చేతిసంచిలోంచి ఒక పొట్లం తీసి, "అక్కా, ఇది మీరిచ్చిన శంఖుపుష్పమే. మా ఇంట్లో ఏటా కాస్తోంది. మీది పోయి ఉంటుందని తెచ్చాను" అన్నారు. అదే నెలలో హైదరాబాదు నుండి మా అమ్మ వచ్చింది. చెల్లెలి పెళ్ళినాడు ఖాలాయే ఇచ్చి పంపిన చుక్కల గుల్‌మెహందీ గింజలను అమ్మ తిరిగి అక్క చేతిలో పెట్టింది. ఆ పొట్లపు కాగితాన్ని ఖాలా నేటికీ దాచి ఉంచారు. బయటికి తీసి మాకు చూపారు. "గుల్‌మెహందీ, చుక్కలది, జూన్ 2010." అమ్మ చేతిరాత. మేము కొంతసేపు ఏమీ మాట్లాడలేకపోయాము.

తిరిగి రాని పువ్వు

"అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప" అన్నారు ఖాలా.

ఆ ఒక్కటి కోడిజుట్టు పువ్వు. రెండు అరచేతులు కలిపినంత వెడల్పు, ముదురు కుంకుమ రంగు. ఖాలా మామగారు ఎక్కడి నుండో తెచ్చిన గింజ. సందులో మరెవరి ఇంటా లేదు. పండుగకు వచ్చిన ప్రతివారూ దాని ముందు నిలబడి చూసేవారు. ఆ టీచరమ్మ అద్దెకున్న రోజుల్లో రెండుసార్లు గింజ అడిగారు. "ఇంకా పండలేదు" అని ఒకసారి, "ఈ ఏడు తక్కువ వచ్చాయి" అని మరోసారి ఖాలా దాటవేశారు. నిజానికి ఆ పువ్వు గింజలు ఆవాలకంటే సన్నవి. ఒక్క పువ్వుకే చెంచాడు రాలుతాయి. "ఇవ్వడానికి లేక కాదు, బేటా. నా ముంగిట్లోనే ఉండాలనుకున్నాను. మరుసటి ఏడు ఆమె పొట్లం పట్టుకొని వచ్చినప్పుడు తలెత్తి చూడలేకపోయాను. నేను ఇచ్చిన పువ్వు ఆమె తెచ్చింది. ఇవ్వని పువ్వును ఎవరు తేగలరు?"

ఆ మాట వినగానే మాకు ఒక హదీసు స్ఫురించింది. దైవప్రవక్త (స) ఇంట ఒక మేకను జిబహ్ చేసి మాంసాన్ని పంచిపెట్టారు. ఏమి మిగిలిందని ఆయన అడిగితే, భుజం ముక్క తప్ప ఏమీ మిగలలేదని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) చెప్పారు. అప్పుడు ఆయన, ఆ భుజం ముక్క తప్ప తక్కినదంతా మిగిలిందన్న భావం వచ్చేలా సమాధానమిచ్చారు. తిర్మిజీ గ్రంథంలో ఉన్న ఈ సంఘటనను మేము ఎన్నోసార్లు చదివాము. దాని అర్థాన్ని పరలోక పుణ్యం వరకే చూసేవాళ్ళము. ఇహలోకంలో, ఒక బిస్కెట్ల డబ్బా సాక్షిగా, ఆ మాట ఎంత నిజమో ఆనాటి సాయంత్రం చూశాము.

శుక్రవారం పొట్లాలు

మరునాడు శుక్రవారం. ఏటా ఈ రోజుల్లో ఒక శుక్రవారం అస్ర్ తరువాత సందులోని ఆడవారు ఖాలా ముంగిట్లో కూడుతారు. ఆ కూడికకు పేరు లేదు, పెద్దలు లేరు, చందా లేదు. పాత క్యాలెండరు కాగితాల పొట్లాలు, ఒక చాప, టీ గ్లాసులు. పదిహేను మంది వరకు వచ్చారు. వారిలో నలుగురైదుగురు హిందూ సోదరీమణులు. ఒకరు తెల్ల బంతి తెచ్చారు, ఒకరు జీనియా. ఒక కొత్త కోడలు ఆదోని పుట్టింటి నుండి జంట రేకుల శంఖుపుష్పం తెచ్చి, సిగ్గుతో చాప అంచున పెట్టింది. తేవడానికి ఏమీ లేని ఒక ముసలమ్మ ఊరికే వచ్చి కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు అందరికంటే ఎక్కువ పొట్లాలు ఆమె కొంగులోనే ఉన్నాయి. ఇచ్చిపుచ్చుకోవడంలో లెక్క చూడరాదన్నది ఇక్కడి మర్యాద.

ఒక అమ్మాయి సబ్జా పొట్లం వద్దని మొహమాటపడింది. "రైహాన్‌ను కాదనకూడదమ్మా" అన్నారు ఖాలా. నిజమే. సువాసనగల ఆ మొక్కను ఎవరైనా ఇస్తే నిరాకరించవద్దని, అది మోయడానికి తేలిక, వాసనకు మధురమని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. ఖుర్ఆన్‌లో అర్రహ్మాన్ సూరా పేర్కొన్న పరిమళపు మొక్క పేరు కూడా రైహానే. ఆ అమ్మాయి పొట్లం అందుకుంది.

మా అమ్మాయి తన వంతుగా హైదరాబాదు నుండి తెచ్చిన కాస్మాస్ గింజలను పంచింది. పుచ్చుకున్న ప్రతివారూ దాని రంగు అడిగి, పొట్లం మీద మా ఇంటి పేరు రాయించుకున్నారు. పిల్ల ముఖంలోని వెలుగు చూడవలసిందే.

బయలుదేరే ముందు ఖాలా మా చేతిలో చుక్కల గుల్‌మెహందీ పెట్టారు. ఒక పొట్లం కాదు, నాలుగు. "ఒకటి మీకు. మూడు మీరు పంచడానికి. మీది నాటడానికి ముందే పంచాలి. నాటిన తరువాత పంచుదామంటే మనసు మారుతుంది. నాకు తెలుసు" అన్నారు. పోస్టులో ఎందుకు పంపలేదో అప్పుడు అర్థమైంది. గింజతోపాటు ఈ షరతు కూడా చేతికి అందాలి.

తిరుగుదారి

తుంగభద్ర వంతెన మీద మళ్ళీ మా అమ్మాయి కిటికీ దించింది. ఈసారి ఏమీ అడగలేదు. మాకు మాత్రం అండలూసియా కథ ఒకటి గుర్తుకు వచ్చింది. సిరియాను విడిచి వెళ్ళి, 756 నుండి 788 వరకు కార్డోబాను ఏలిన మొదటి అబ్దుర్రహ్మాన్‌కు ఆయన సోదరి సిరియా నుండి దానిమ్మపండ్లు పంపిందని చరిత్రకారులు రాశారు. ఆయన వాటిని తన కొలువులోని వారికి పంచారు. సఫర్ అనే ఒకాయన తన వంతు పండును ఊరికి తీసుకుపోయి, గింజలు నాటి, కాయించి, ఆ పండ్లను తిరిగి అమీరుకు సమర్పించారు. ఆయన పేరు మీదనే ఆ దానిమ్మ 'సఫరీ' అయి ఆ దేశమంతటా పాకింది. ఒక సోదరి పంపిన గింజ. పంచిన చేయి. తిరిగి తెచ్చిన చేయి. రాజభవనమైనా, పాతబస్తీ ముంగిలి అయినా గింజ నడిచే దారి ఒక్కటే.

ఇంటికి చేరిన వారంలో మూడు పొట్లాలూ పంచాము. ఒకటి మా కింది వాటాలోని వారికి, ఒకటి వరంగల్‌లోని మా చెల్లెలికి, ఒకటి పిల్లల బడిలోని ఆయమ్మకు. ఆ తరువాతే మా పొట్లం విప్పి, ఖాలా చెప్పినట్లు పది గింజలను తడిగుడ్డలో చుట్టి పరీక్షించాము. ఎనిమిది మొలిచాయి. అసలు నాట్లు వానలు పడ్డాకనే. ఆ మొలకలు పరీక్షకే. కానీ మా అమ్మాయి వాటిని పారవేయనివ్వలేదు. అమ్మ కుండీలలో ఒకదాన్ని కడిగి, కొత్త మట్టి నింపి, అందులో పెట్టింది. చలికి అవి అంతగా ఎదగలేదు. జనవరి చివరి వారంలో రెండు మొక్కలు పూశాయి. చిన్న పువ్వులే. చుక్కలు ఉన్నాయి.

పాఠక సోదరీ సోదరులారా! మీ ఇంట్లో కూడా అమ్మమ్మ చేతి పువ్వు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఏడు దాని గింజ పండినప్పుడు మొదటి పొట్లం పక్కింటికి పంపండి. ఏ నీళ్ళు ఎప్పుడు వస్తాయో అల్లాహ్‌కే ఎరుక.